ఆర్గన్ మీద లేని మెట్టు

 

ఈ నెల గోడ పత్రికకు వ్యాసం రాసే వంతు నాది. మన స్టోర్ రూములో ఉన్న ఎలక్ట్రిక్ ఆర్గన్ గురించి, దాని మీద పాటలు నేర్చుకోవడం గురించి, ఆ పాటలను ఫోన్‌లో వీడియో తీయడం గురించి రాస్తున్నాను. చిన్నగా రాద్దామనుకున్నా గాని పెద్దగయింది. నాలుగు డ్రాయింగ్ షీట్లు పట్టినయి. చేతిరాత అక్కడక్కడ వంకర ఉంటే ఏమనుకోకండి. అన్నం గంట కొట్టేలోపు సగం చదవండి, మిగతా సగం రేపు చదవండి.

ముందు ఆర్గన్ అంటే ఏమిటో చెప్తాను. మనందరం దాన్ని క్యాసియో అంటాం. దాని మీద కంపెనీ పేరు ఎప్పుడో చెరిగిపోయింది, అది క్యాసియోనో కాదో ఎవరికీ తెల్వదు. స్టాకు రిజిస్టరులో మాత్రం "ఎలక్ట్రిక్ ఆర్గన్ - 1" అని రాసి ఉంది. దానికి 61 మెట్లు. తెల్లవి, నల్లవి. ఏడు తెల్లవి, ఐదు నల్లవి కలిస్తే పన్నెండు. ఆ పన్నెండు అయిపోతే మళ్లీ అవే స్వరాలు పై స్థాయిలో వస్తయి. దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది కదా, ఆయన వాయించేది పన్నెండు మెట్ల కిన్నెర. మన ఆర్గన్‌లో ఒక స్థాయికి కూడా పన్నెండు మెట్లే అని తెలిసిన రోజు నాకు మస్తు సంతోషమైంది. ఇది ఎక్కడో విదేశాల వస్తువు అనుకున్నది, మన దిక్కు వస్తువుకు చుట్టమయినట్టు అనిపించింది.

ఆర్గన్ ఎట్ల పుట్టిందో మన ఫిజికల్ సైన్స్ మేడం చెప్పారు. హార్మోనియంకు గాలి కావాలి. ఒక చేత్తో తిత్తి ఊపుతూ ఇంకో చేత్తో మెట్లు నొక్కాలి. అమెరికాలో లారెన్స్ హామండ్ అనే ఆయన గాలి లేకుండా కరెంటుతో మోగే ఆర్గన్ తయారు చేసి 1935లో అమ్మకానికి పెట్టాడు. అందులో చిన్న చిన్న ఇనుప చక్రాలు అయస్కాంతాల ముందు తిరుగుతయి. దాని నుంచి స్వరం పుడుతది. పెద్ద పెద్ద గొట్టాల ఆర్గన్ కొనలేని చర్చీలు దీన్ని కొనుక్కున్నయి. తర్వాత జపాన్‌లో లెక్కల మిషన్లు చేసే క్యాసియో కంపెనీ 1980లో మొదటి కీబోర్డు తెచ్చింది. చక్రాలు పోయినయి, చిప్పులు వచ్చినయి. బరువు తగ్గింది, ధర తగ్గింది. అందుకే మనలాంటి హాస్టలుకు కూడా ఒకటి వచ్చింది.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు పదో తరగతి అక్క ఒకామె నాకు నేర్పింది. అక్క వాళ్ల ఊరి చర్చిలో నేర్చుకున్నది. మనకు మ్యూజిక్ టీచరు లేరు, అందుకే అక్కే నాకు టీచరు. మొదటి రోజు పాట నేర్పలేదు. బొటనవేలు నేర్పింది. స రి గ మూడు వేళ్లతో నొక్కి, మ దగ్గరికి వచ్చేసరికి బొటనవేలును మిగతా వేళ్ల కింద నుంచి పోనియ్యాలి. అట్ల పోనిస్తేనే చేయి ఆగకుండా పై సా దాకా పోతది. ఈ ఒక్క పని రావడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. నా వేళ్లు పత్తి ఏరిన వేళ్లు, మక్క కంకులు ఒలిచిన వేళ్లు. గట్టిగుంటయి, తొందరగా వంగవు. అక్క అన్నది, "నీ వేళ్లకు బలం ఉంది, నెమ్మది నేర్పు చాలు" అని.

మా ఇంట్ల మొదట పలక పట్టింది నేనే. మా యాడి ఇప్పటికీ వేలిముద్ర వేస్తది. బ్యాంకుల ఆమె బొటనవేలుకు సిరా అంటించి నొక్కుతరు. నేను బొటనవేలును మ కింద పెట్టిన ప్రతిసారి ఆమె గుర్తొస్తది. ఆమె వేలు కాగితం మీద ఒక్కటే గుర్తు పెడుతది. నా వేలు ఎన్ని స్వరాలైనా పెట్టొచ్చు. ఇది గొప్పకు చెప్తలేను. చదువుకు వచ్చిన మనందరి సంగతి ఇదే కదా అని చెప్తున్న.

ఇక పాటలు నేర్చుకునే పద్ధతి చెప్తాను, ఎవరికైనా పనికొస్తది. పాటను ఒక్కసారే మొత్తం నేర్చుకోవద్దు. ఒక లైను పది సార్లు వినాలి. నోటితో అనాలి. తర్వాత ఆ లైను ఏ స్వరం మీద ఆగుతుందో వెతకాలి. ఆగే స్వరం దొరికితే సగం పాట దొరికినట్టే. దొరికిన స్వరాలు నోటుబుక్కులో తెలుగులో రాసుకోవాలి. పై స్థాయి అయితే అక్షరం మీద చుక్క, కింది స్థాయి అయితే కింద చుక్క. నా బుక్కులో ఇట్ల పద్నాలుగు పాటలు ఉన్నయి.

అందులో మొదటిది మన రాష్ట్ర గీతం. 2024 జూన్ 2 నుంచి అది మన రాష్ట్ర గీతం అయ్యింది. రాసింది అందెశ్రీ గారు, బాణీ కట్టింది కీరవాణి గారు. అందెశ్రీ గారు బడిలో చదువుకోలేదు, కాపరిగా పని చేశారు. ఆయన పాటను ఇప్పుడు రాష్ట్రంలో ఉన్న బడులన్నీ పాడుతున్నయి. కీరవాణి గారి "నాటు నాటు" పాటకు 2023 మార్చిలో ఆస్కార్ వచ్చింది. భారతదేశపు సినిమా పాటకు ఆ బహుమతి రావడం అదే మొదటిసారి. ఆ పాట రాసిన చంద్రబోస్ గారిది మన తెలంగాణే. అది కూడా నేర్చుకున్న. కాని చాలా వేగం. ఆర్గన్‌లో టెంపో తగ్గించి, తాబేలు లెక్క మొదలుపెట్టి, వారానికి కొంచెం పెంచుకుంటూ పోయిన. ఇప్పటికీ పూర్తి వేగం రాలేదు. మీరు డ్యాన్స్ చేస్తే నేను వెనకబడతా.

ఏ.ఆర్. రెహమాన్ గారి కథ కూడా మేడం చెప్పారు. ఆయనకు తొమ్మిదేళ్లప్పుడు, 1976లో, వాళ్ల నాన్న చనిపోయారు. ఇంట్ల ఉన్న వాయిద్యాలను కిరాయికి ఇచ్చి ఇల్లు గడుపుకున్నరు. తర్వాత ఆ పిల్లవాడే కీబోర్డు వాయించి ఇంటిని నిలబెట్టిండు. 2009లో రెండు ఆస్కార్లు తెచ్చిండు. అంటే వాయిద్యం ఊరికే ఆడుకునే వస్తువు కాదు, ఇంటికి అన్నం పెట్టిన వస్తువు కూడా.

వీడియో సంగతి మా బాపు వల్ల మొదలయింది. మా బాపు దుబాయిలో బిల్డింగు పనికి పోయి మూడేళ్లు అయితుంది. మన కామారెడ్డి, ఎల్లారెడ్డి దిక్కు ఎన్ని ఇండ్ల నుంచి గల్ఫ్‌కు పోయినరో మీకు తెలుసు. ఈ క్లాసులోనే ఎంతమంది నాన్నలు అక్కడ ఉన్నరో చేతులెత్తమంటే తెలుస్తది. నేను ఆర్గన్ నేర్చుకుంటున్న అంటే బాపు నమ్మలేదు. "నువ్వా? క్యాసియోనా? ఏది, చూపియ్యి" అన్నడు. బాపుకు "బలగం" సినిమా పాటలంటే ఇష్టం. 2023లో ఆ సినిమాను ఊర్లల్ల తెర కట్టి చూపించినప్పుడు ఆయన అప్పటికే అక్కడ ఉన్నడు. వాళ్ల క్యాంపు రూములో ఎనిమిది మంది కలిసి ఒక్క ఫోన్‌లో చూసినరట. చివర పస్తం మొగిలయ్య గారు, కొమురమ్మ గారు పాడేటప్పుడు ఎవరూ ఎవరి మొహం చూసుకోలేదట. ఆ సినిమాకు సంగీతం భీమ్స్ గారు. అందులో ఒక పాట నేర్చుకొని బాపుకు పంపాలని అనుకున్న.

మనకు ఫోన్లు ఉండవు. ఫిజికల్ సైన్స్ మేడం ఫోన్‌తో తీస్తా అన్నరు. వార్డెన్ మేడం ఒక షరతు పెట్టినరు. ఆడపిల్లల మొహాలు ఫోన్ల నుంచి ఫోన్లకు పోవద్దు, చేతులు మాత్రమే తీయాలి అని. అప్పుడు నాకు కొంచెం బాధయింది. మొహం లేకుంటే అది నేనని ఎట్ల తెలుస్తది అనుకున్న.

వీడియో తీయడం వాయించుడు కంటే కష్టం. కిటికీ పక్కన పెట్టకపోతే చేతులు నల్లగా కనపడతయి. ఫ్యాను తిరిగితే గాలి చప్పుడు వస్తది. బకెట్టు బోర్లించి, దాని మీద రెండు అట్లాసులు పెట్టి, ఫోన్ నిలబెట్టినం. మొదటిసారి నీళ్ల మోటరు మోగింది. రెండోసారి ఆరో తరగతి చెల్లెలు తలుపు తీసి "అక్కా, నా ప్లేటు చూసినవా" అన్నది. మూడోసారి పని చేయని మెట్టు మీద వేలు పడ్డది. మన ఆర్గన్‌లో రెండు మెట్లు మోగవు, మీకు తెలుసు. ఏడోసారికి కుదిరింది. రెండు నిమిషాల నలభై సెకన్లు.

మేడం దాన్ని మా యాడి ఫోన్‌కు, అక్కడి నుంచి బాపుకు పంపినరు. మన దగ్గర రాత్రి ఎనిమిదైతే అక్కడ ఆరున్నర, పని నుంచి వచ్చే టైము. మా యాడి నా ఎడమ చేతి మీద కొడవలి గాటు చూసి వెంటనే గుర్తుపట్టిందట. బాపు గుర్తుపట్టింది వేరే తీరు. "చూపుడు వేలు మీ దాదీ వేలు లెక్కనే ఉంది, కొస వంకర" అన్నడు. మొహం లేకున్నా మనవాళ్లకు మనం తెలుస్తం. అప్పటి నుంచి వార్డెన్ మేడం షరతు నాకు మంచిదే అనిపించింది.

2025 ఆగస్టు 27 మీ అందరికీ గుర్తుండే ఉంటది. వినాయక చవితి రోజు. మన జిల్లాలో రాజంపేట మండలం అర్గొండలో ఒక్కరోజే 40 సెంటీమీటర్ల పైన వాన పడ్డది. భిక్కనూరు, తలమడ్ల మధ్య రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. రోడ్లు తెగినయి. కరెంటు పోయింది. ఇంటికి ఫోన్ కలవక చిన్న పిల్లలు ఏడ్చిండ్రు. ఆ రాత్రి వార్డెన్ మేడం టార్చిలైటు సెల్లు తెచ్చి ఆర్గన్ వెనక వేసినరు. నేను నాకు వచ్చిన పద్నాలుగు పాటలు వాయించిన. అయిపోతే మళ్లీ మొదటి నుంచి వాయించిన. చీకట్ల నాకు మెట్లు కనపడలేదు, వేళ్లకే దారి తెలిసింది. మీరందరు పాడిండ్రు. వాన చప్పుడు కంటే మన గొంతులు పెద్దగయినయి. సినిమా పాటలు మంచివా చెడ్డవా అని ఎవరన్నా అడిగితే నేను ఆ రాత్రిని చెప్తా. ఆ రాత్రి అందరికీ వచ్చిన పాటలు అవే. గోండు పిల్లకు, నాయకపోడు పిల్లకు, లంబాడి పిల్లకు, అందరికీ.

అక్టోబరులో జిల్లా పోటీలకు కామారెడ్డి పోయిన. లింగంపేట మీదుగా బస్సులో, ఆర్గన్‌ను దుప్పట్ల చుట్టి ఒళ్లో పెట్టుకొని పోయిన. అక్కడ నియమం ఏమంటే సినిమా పాటలు వద్దు. సంప్రదాయ పాట గాని జానపదం గాని వాయించాలి. జడ్జి మేడం మంచిగనే అడిగినరు, "మీ తండాలో పాడే పాట ఏదైనా వాయించమ్మా" అని. నేను తీజ్ పాట ఒకటి వాయించిన. తీజ్ అంటే తెలియని వాళ్లకు చెప్తున్న. శ్రావణ మాసంలో పెళ్లి కాని ఆడపిల్లలం బుట్టల్లో మట్టి పోసి గోధుమలు చల్లుతం. తొమ్మిది రోజులు నీళ్లు పోస్తూ పాటలు పాడుతం. మొలకలు పచ్చగా లేస్తయి. చివరి రోజు వాటిని నీళ్లల్ల కలుపుతం.

స్వరాలన్నీ కరెక్టుగా నొక్కిన. కాని అది తీజ్ పాట కాలేదు. బడి గంట కొట్టినట్టు, ఒక్కొక్కటి విడివిడిగా వచ్చింది. ఎక్కడా ఆగకుండా, తడబడకుండా వాయించిన, అయినా పాట రాలేదు. బహుమతి రాలేదు. అది నాకు పెద్ద బాధ కాదు. తిరుగు బస్సుల ఒక్కటే ఆలోచన. ఇన్ని సినిమా పాటలు వచ్చిన ఆర్గన్ మీద మా ఇంటి పాట ఎందుకు రాలేదు?

దీనికి జవాబు మన తొమ్మిదో తరగతి పుస్తకంలోనే ఉంది, "ధ్వని" పాఠంలో. ఫిజికల్ సైన్స్ మేడం బోర్డు మీద వేసి చూపించారు. ఆర్గన్‌లో ఒక తెల్ల మెట్టు సెకనుకు 440 కంపనాలు చేస్తది. దాని పక్కన ఉన్న నల్ల మెట్టు 466. ప్రతి మెట్టు దాని ముందు మెట్టు కంటే దాదాపు 1.06 రెట్లు ఎక్కువ. పన్నెండు మెట్లు ఎక్కితే సరిగ్గా రెట్టింపు, 880. మరి 440కి, 466కి మధ్యలో 450 ఉంది, 455 ఉంది. వాటికి మెట్టు లేదు. మనిషి గొంతు అక్కడ కూడా నిలబడగలదు, అక్కడి నుంచి ఇక్కడికి జారగలదు. వయొలిన్ మీద వేలు జరపొచ్చు. మన ఆర్గన్ మీద జరపలేం. ఇదే కారణం మీద 1940లో ఆల్ ఇండియా రేడియో హార్మోనియంను వద్దన్నదట. 1971 దాకా ఆ నిషేధం ఉందట. అంటే నాకు వచ్చిన కష్టం నాకంటే ముందు పెద్ద పెద్దవాళ్లకు వచ్చింది.

నవంబరు 9, రెండో ఆదివారం, తల్లిదండ్రులు వచ్చే రోజు. మా యాడితో పాటు మా దాదీ కూడా వచ్చింది. జొన్న రొట్టెలు, పుంటికూర తెచ్చింది. నేను వార్డెన్ మేడంను అడిగిన, దాదీని ఆర్గన్ దగ్గర కూర్చోబెట్టి వీడియో తీసుకుంటా అని. ఇరవై నిమిషాలు అనుమతి ఇచ్చినరు.

దాదీ మొదట నవ్వింది. "ఈ పెట్టె ముందల నేనెందుకు?" అన్నది. నేను తీజ్ పాట వాయించిన. విని, తల అడ్డంగా ఊపి, తనే పాడింది. ఆమె ఎత్తుకున్న శ్రుతి కోసం వెతికిన. ఐదు మెట్లు మార్చి చూస్తే ఒక నల్ల మెట్టు దగ్గర కలిసింది. ఆమె వెంట వాయిద్దామని చూసిన. ఆమె మెట్ల మధ్యల నుంచి పోతుంది. నేను మెట్టు నొక్కితే ఆమె దాన్ని దాటి ఉంటది, లేకుంటే ఇంకా రాలేదు. రెండు మూడు సార్లు ఇట్లయినంక దాదీ నా చేయి పట్టుకొని ఆ నల్ల మెట్టు మీద పెట్టి, గట్టిగ ఒత్తింది. తీయనియ్యలేదు. అంతే, ఒక్క మెట్టు. తర్వాత ఇంకో వేలు పై పంచమం మీద నేనే పెట్టిన. అట్లనే పట్టుకొని ఉన్న. ఆమె పాడింది. ఇప్పుడు పాట వచ్చింది.

దోస్తులారా, నేను ఏడాదిన్నర వేళ్లు పరుగెత్తించడం నేర్చుకున్న. ఆ రోజు వేళ్లు ఆపడం నేర్చుకున్న. ఆర్గన్‌కు లేని మెట్టు దాదీ గొంతులో ఉంది. దాని కోసం ఆర్గన్ పక్కకు జరిగి చోటు ఇయ్యాలి. నిలబడ్డ ఒక్క స్వరం ఇస్తే, పాట దాని మీద చెట్టుకు తీగ పాకినట్టు పాకుతది.

నాలుగు నిమిషాల వీడియో అయింది. ఇందులో మొహం కూడా ఉంది, దాదీది. ఆమెను అడిగే తీసినం. కొందరు అక్కలు యూట్యూబులో పెట్టమన్నరు. మంగ్లీ గారు కూడా బంజారా బిడ్డే కదా, గుత్తి దగ్గర తండా నుంచి వచ్చి అంత పేరు తెచ్చుకున్నది కదా అన్నరు. దాదీ మాత్రం "నా పాట నా కొడుకుకు పంపు, ఊరికంతా ఎందుకు" అన్నది. అందుకే పెట్టలేదు. పాట ఎవరిదో వాళ్ల మాటే చివరి మాట.

ఇంకా పది నిమిషాలు ఉన్నయి. నేను ఢావ్లో పాడమని అడిగిన. మా తండాల్లో పెళ్లికూతురు అత్తగారింటికి పోయేటప్పుడు అమ్మ మెడ పట్టుకొని ఏడుస్తూ పాడే పాటను ఢావ్లో అంటారు. మా దాదీకి అది చాలా బాగా వచ్చు, చుట్టుపక్కల తండాల వాళ్లు కూడా పిలిచి నేర్పించుకునేవాళ్లు. దాదీ ఒప్పుకోలేదు. "పెళ్లి లేకుండ ఢావ్లో ఎందుకు? నీ చదువు కానీ. నీ పెళ్లప్పుడు నీకు నేనే నేర్పుతా" అన్నది. సరే అన్న. బస్సు టైమయింది, పోయినరు.

మరునాడు, నవంబరు 10న, అందెశ్రీ గారు చనిపోయినరు. ఆ సాయంత్రం స్టడీ అవర్‌కు ముందు మనమంతా నిలబడి రాష్ట్ర గీతం పాడినం, నేను ఆర్గన్ వాయించిన. బడికి పోకపోయినా ఆయన పాట కాగితం మీద ఉంది, బాణీ రికార్డులో ఉంది, మన నోట్లో ఉంది. పాట ఇన్ని చోట్ల ఉంటే ఎవరూ దాన్ని తీసుకపోలేరు అని ఆ రోజు అనుకున్న.

డిసెంబరులో మా దాదీకి పక్షవాతం వచ్చింది. కుడి వైపు చేయి, కాలు పడిపోయినయి. మాట పోయింది. మనుషులను గుర్తుపడుతది, కళ్లతో జవాబు చెప్తది, కాని మాట రాదు. పాట రాదు.

సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు మంచం పక్కన కూర్చొని ఆ వీడియో పెట్టిన. దాదీ తన గొంతు తాను విన్నది. ఎడమ చేయి దుప్పటి కింద నుంచి తీసి మంచం పట్టె మీద తాళం వేసింది. ఒక్కచోట కూడా తప్పలేదు. అయిపోతే నా దిక్కు చూసింది, మళ్లీ పెట్టమని. ఆ రోజు తొమ్మిది సార్లు పెట్టిన. బాపుకు కూడా అదే వీడియో దిక్కు. రావడానికి సెలవు దొరకలేదు. క్యాంపులో వేరే తండాల వాళ్లు కూడా అడిగి వింటున్నరట.

తీజ్ పాట దొరికింది. ఢావ్లో దొరకలేదు.

మా యాడిని అడిగిన, "నీకు ఢావ్లో వచ్చా?" అని. ఎప్పటి లెక్కనే "నాకేం రాదు" అన్నది. మా యాడికి ఏది అడిగినా రాదనే అంటది. చదువు రాని వాళ్లకు ఆ మాట అలవాటైపోతది. కాని రెండు రోజుల తర్వాత పొయ్యి కాడ రొట్టెలు చేస్తూ, నేను వెనక ఉన్న సంగతి తెల్వక, సన్నగా ఎత్తుకున్నది. నాలుగు లైన్లు వచ్చినయి. అక్కడ ఆగిపోయింది. కొంగుతో కళ్లు తుడుచుకొని, "పొగ" అన్నది. నేను ఏమీ అనలేదు. రాత్రి అడిగితే ఆ నాలుగు లైన్లు మళ్లీ పాడింది, ఫోన్‌లో తీసుకున్న. ఐదో లైను ఆమెకు రాదు. పక్కింటి కాకికి ఇంకో రెండు లైన్లు వచ్చు. మొత్తం ఆరు. దాదీకి ఎన్ని వచ్చో ఎవరికీ తెలియదు.

2011 జనాభా లెక్కల్లో మన దేశంలో లంబాడీ భాష మాట్లాడేవాళ్లు 32 లక్షల కంటే ఎక్కువే ఉన్నరు. అంతమంది మాట్లాడే భాషకు సొంత లిపి లేదు. నేను ఆ ఆరు లైన్లు తెలుగు అక్షరాలతో నోటుబుక్కులో రాసుకున్న. కొన్ని శబ్దాలు మన అక్షరాల్లో సరిగ్గా కూర్చోవు, మెట్ల మధ్యల స్వరాల లెక్క. అందుకే రాతతో పాటు రికార్డు కూడా కావాలి. రెండూ ఉంటేనే పాట పూర్తిగా ఉన్నట్టు.

చివరగా మీకు మూడు మాటలు చెప్పి ముగిస్తాను.

ఒకటి, దోస్తులకు. ఎండాకాలం సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ ఇంట్ల పెద్దవాళ్ల దగ్గర ఒక్కొక్క పాట తీసుకరండి. గోండి గాని, నాయకపోడు వాళ్లది గాని, మన లంబాడి గాని, ఏదైనా సరే. ముందు వాళ్లను అడగండి. వాళ్లు సరే అంటేనే తీయండి. వద్దంటే ఫోన్ పక్కకు పెట్టి, పక్కన కూర్చొని నోటితో నేర్చుకోండి. "పెళ్లప్పుడు పాడుతా, పండుగప్పుడు పాడుతా" అంటే మాత్రం నా సంగతి చెప్పండి.

రెండు, వార్డెన్ మేడం గారికి విన్నపం. ఆర్గన్‌లో మోగని రెండు మెట్లను కామారెడ్డిలో బాగు చేయించగలరు. లోపల మెట్టు కింద ఉండే రబ్బరు అరిగితే అట్ల అయితదట, కొత్తది వేస్తే సరిపోతదట. ఆదివారం టిఫిన్ తర్వాత ఒక్క గంట స్టోర్ రూము తాళం ఇస్తే, నేను ఆరో తరగతి చెల్లెళ్లకు బొటనవేలు నేర్పుతాను. నాకు అక్క నేర్పినట్టు.

మూడు, ఈ నెల 15న సేవాలాల్ మహరాజ్ జయంతికి నేను వాయించే పాటలో నా వేళ్లు ఎక్కువగా కదలవు. ఒక్క నల్ల మెట్టు మీదనే ఉంటయి. ఆర్గన్ చెడిపోయిందని అనుకోకండి. అప్పుడు పాడవలసింది మీరు. తీజ్ పాట తెలిసిన వాళ్లందరూ ముందు వరుసలో కూర్చోండి.

ఇట్లు,
మీ స్నేహితురాలు,
తొమ్మిదో తరగతి, 'బి' సెక్షన్